టెక్ సందేహాలు: చందా ఆటలు, డెమోలు, దానంతటదే కదిలే కంట్రోలర్

బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటున్న ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఇలా అడిగారు: “వారాంతాల్లో విజయవాడలోని మిత్రులతో ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ ఆట ఆడుకుందామని సోనీ ఆటల యంత్రం (కన్సోల్) పీఎస్5 కొన్నాను. దాని చందా సేవ ప్లేస్టేషన్ ప్లస్‌లో మూడు రకాల ప్లాన్లు ఉన్నాయి. ఏది తీసుకోవాలి? చందా ఆపేస్తే నా ఆటలన్నీ పోతాయా?”

మీ అవసరానికి అన్నిటికన్నా తక్కువ ధరలో దొరికే ఎసెన్షియల్ ప్లాన్ చాలు. 2022 జూన్‌లో సోనీ ఈ సేవను మూడు అంచెలుగా విడగొట్టినప్పటి నుంచీ, డబ్బు పెట్టి కొన్న ఆటను ఆన్‌లైన్‌లో ఇతరులతో ఆడుకునే వీలు, నెలనెలా కొన్ని ఆటలు, ఆటలో మీరు ఎక్కడిదాకా వచ్చారో భద్రపరిచే క్లౌడ్ నిల్వ, ఈ మూడూ ఈ ఎసెన్షియల్‌లోనే దొరుకుతున్నాయి. దాని పైది, ఎక్స్‌ట్రా ప్లాన్‌లో వందల ఆటల జాబితా అదనంగా వస్తుంది. వారానికి రెండు పూటలు ఒకే ఫుట్‌బాల్ ఆట ఆడేవారికి ఆ జాబితాతో పని లేదు. ఏడాదికి నాలుగైదు పెద్ద ఆటలు మొదలుపెట్టి పూర్తిచేసే అలవాటు ఉన్నవారికి మాత్రం అది కచ్చితంగా గిట్టుబాటవుతుంది. ఈ-ఫుట్‌బాల్, ఫోర్ట్‌నైట్ వంటి ఉచిత ఆటలను ఆన్‌లైన్‌లో ఆడడానికి అసలు ఏ చందా అక్కర్లేదన్న సంగతి తెలియక, కేవలం వాటి కోసమే డబ్బు కడుతున్నవారు మన పాఠకుల్లో చాలామంది ఉన్నారని ఉత్తరాలను బట్టి అర్థమవుతోంది.

ఇక రెండో ప్రశ్న. మీరు విడిగా కొన్న ఆట మీ ఖాతాలోనే ఉంటుంది. చందా ముగిస్తే దాన్ని ఆన్‌లైన్‌లో మిత్రులతో ఆడే వీలు మాత్రమే పోతుంది. నెలవారీ ఆటలను ఆ నెలలోనే మీ లైబ్రరీలో చేర్చుకుని ఉంటే, చందా ఉన్నంతకాలం అవి తెరుచుకుంటాయి, ఆపగానే తాళం పడుతుంది, అదే ఖాతాతో మళ్లీ కడితే తిరిగి వస్తాయి. ఎక్స్‌ట్రా జాబితాలోని ఆటల విషయం వేరు: మీరు చందా కడుతూనే ఉన్నా, ఒప్పందం ముగిసిన ఆట ఏదో ఒక నెల ఆ జాబితా నుంచి వెళ్లిపోవచ్చు. అందువల్ల సగంలో ఉన్న ఆట త్వరలో తొలగిపోతున్నట్టు కనిపిస్తే ముందు దాన్ని పూర్తిచేయండి.

చాలామంది గమనించని ప్రమాదం ఇంకొకటి ఉంది. పాత కన్సోల్ పీఎస్4 ఆటల సేవ్‌లను (ఆటలో ఎక్కడిదాకా వచ్చారన్న రికార్డులను) పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు గానీ, పీఎస్5 ఆటల సేవ్‌లను అలా విడిగా కాపీ చేసుకునే వీలు లేదు. వాటికి ప్రధానంగా క్లౌడే గతి, ఆ క్లౌడ్‌కు చందా తప్పనిసరి. కష్టపడి ఆడిన ఆటగాడి శ్రమను ఇలా చందాకు ముడిపెట్టడం న్యాయం కాదని నా దృఢమైన అభిప్రాయం. మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్‌లో ఇదే సౌకర్యం చందా లేనివారికి కూడా ఉచితంగా అందుతోంది. పీజీలో మీ గదిలో ఉండే మిత్రుడు అదే పీఎస్5లో తన సొంత ఖాతాతో ఆడాలనుకుంటే, మీ ఖాతా సెట్టింగ్స్‌లో ‘కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే’ ఆన్‌లో ఉంచండి. మీ చందాతోనే ఆయన కూడా ఆన్‌లైన్‌లో ఆడుకోవచ్చు, రెండో చందా కొనవలసిన పని లేదు. చందా తీసుకున్న రోజే ఆటో రెన్యూవల్ ఆపివేసినా, కట్టిన గడువు ముగిసేదాకా సేవలన్నీ అందుతాయి.

జయనగర్ నుంచి ఒక తల్లి రాశారు: “మా అబ్బాయి పీఎస్5 కంట్రోలర్‌ను ముట్టుకోకపోయినా ఆటలో బొమ్మ ఎడమవైపు నడుస్తోంది. మొత్తం మార్చాల్సిందేనని దుకాణంలో అంటున్నారు. నిజమేనా?”

తొందరపడి కొత్తది కొనకండి, అమ్మా. దీన్ని స్టిక్ డ్రిఫ్ట్ అంటారు. బొటనవేలితో తిప్పే పుల్ల అడుగున, పాత రేడియోలో వాల్యూమ్ తిప్పే మీటలో ఉండేలాంటి పొటెన్షియోమీటర్లు రెండు ఉంటాయి. కార్బన్ పూత మీద చిన్న లోహపు రేకు రాసుకుంటూ, పుల్ల ఎటు వంగిందో చెబుతుంది. ఏళ్ల తరబడి రాసుకుని పూత అరిగినా, సందులో దుమ్ము చేరినా, పుల్ల మధ్యలో నిలబడి ఉండగానే పక్కకు వంగినట్టు తప్పుడు సంకేతం వెళుతుంది.

ముందుగా పీఎస్5 ఆపివేసి, కంట్రోలర్ వెనుక ఉన్న సన్నని రంధ్రంలో గుండుసూదితో కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుని రీసెట్ చేయండి; తర్వాత యూఎస్‌బీ తీగతో కలిపి పీఎస్ బటన్ నొక్కండి. ఫలితం లేకపోతే పుల్ల మొదట్లో బ్లోయర్‌తో గాలి కొట్టించండి. దుమ్ము వల్ల వచ్చిన దోషమైతే ఈ పాటికి తగ్గుతుంది. తగ్గకపోతే బిల్లు వెతికి వారంటీ చూడండి, వారంటీ ఉండగా బయట విప్పించవద్దు. గడువు దాటితే మాత్రం ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్‌పీ రోడ్డులో టంకం పని బాగా తెలిసినవారి చేత ఆ ఒక్క స్టిక్ మాడ్యూల్‌ను మార్పించవచ్చు. హాల్ ఎఫెక్ట్ మాడ్యూల్ దొరుకుతుందేమో అడగండి. అందులో అయస్కాంతం, సెన్సర్ ఒకదాన్నొకటి తాకకుండానే పనిచేస్తాయి కాబట్టి అరిగే పూత అంటూ ఏదీ ఉండదు. 1998లోనే సెగా తన డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లో ఈ పద్ధతి వాడింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఖరీదైన కంట్రోలర్లు అరిగిపోయే భాగంతోనే రావడం నాకు బాధ కలిగిస్తుంది. మాడ్యూల్ మార్చాక క్యాలిబ్రేషన్ (పుల్ల మధ్యలో ఉన్నప్పటి సంకేతాన్ని సరిచేయడం) చేయకపోతే స్టిక్ సరిగా పనిచేయదు, కాబట్టి అది కూడా చేసి, మీ ముందే ఆడి చూపించాకే డబ్బు ఇవ్వండి.

యలహంకలో చదువుకుంటున్న విద్యార్థి ప్రశ్న: “రూ.4,999 పెట్టి ఆట కొన్నాక నచ్చకపోతే ఏం చేయాలి? ముందే ఆడి చూసే దారి ఉందా?”

ఉంది, అయితే అది మీరు ఎక్కడ కొంటారన్న దాన్ని బట్టి ఉంటుంది. కంప్యూటర్ ఉంటే ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ మేలు: కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు అడగవచ్చు. అక్కడ ఏటా జరిగే నెక్స్ట్ ఫెస్ట్‌లలో విడుదల కాబోయే ఆటల డెమోలు (ఆడి చూడడానికి ఇచ్చే చిన్న భాగాలు) వందల సంఖ్యలో ఉచితంగా దొరుకుతాయి. ప్లేస్టేషన్ స్టోర్‌లో మాత్రం డౌన్‌లోడ్ మొదలైందంటే, ఆటలోనే లోపం ఉంటే తప్ప వాపసు రాదు. కాబట్టి కొనుగోలు బటన్ నొక్కేముందు ఆ ఆట పేజీలో డెమో ఉందేమో చూడండి. కొన్ని ఆటలను కొన్ని గంటలు ఆడి చూసే ట్రయల్స్ ఉన్నా, అవి ప్లేస్టేషన్ ప్లస్‌లో అన్నిటికన్నా పై ప్లాన్‌కే పరిమితం. ట్రయల్ నచ్చి ఆట కొంటే ఆగిన చోటి నుంచే కొనసాగించవచ్చు. డెమోలకు అన్నిసార్లూ ఆ సౌకర్యం ఉండదు. డెమో ఎప్పటికీ ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. 2014లో వచ్చిన పీ.టీ. అనే భయానక డెమోను మరుసటి ఏడాదే స్టోర్ నుంచి తీసివేశారు. మీ పీఎస్5లో డిస్క్ డ్రైవ్ ఉంటే డిస్క్ కొనమనే చెబుతాను. నచ్చకపోతే మరొకరికి అమ్ముకోవచ్చు, డిజిటల్‌గా కొన్నదానికి ఆ హక్కు లేదు.

చివరగా, పాత కంట్రోలర్ల గురించి వచ్చిన రెండు చిన్న ప్రశ్నలు. పీఎస్4తో వచ్చిన డ్యూయల్‌షాక్ 4 కంట్రోలర్ పీఎస్5కు జతవుతుంది గానీ, దానితో పీఎస్4 ఆటలే ఆడగలరు. పీఎస్5 ఆటలకు దానితో వచ్చే డ్యూయల్‌సెన్స్ కావలసిందే. కంప్యూటర్‌కు బ్లూటూత్‌తో కలపడానికి సెకండ్‌హ్యాండ్ ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలర్ కొంటున్నవారు ఎక్స్‌బాక్స్ బటన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ను గమనించండి. అది ముందు ప్లేటులోనే భాగంగా కలిసిపోయి ఉంటే బ్లూటూత్ ఉన్నట్టే. పై బంపర్ బటన్లతో కలిసి విడి ముక్కలా మెరుస్తూ ఉంటే బ్లూటూత్ లేదు, తీగ గానీ విడిగా అమ్మే అడాప్టర్ గానీ కావాలి.