హెడ్‌ఫోనా, బడ్సా? పాపకు చిన్నాయన ఉత్తరం

అనంతపురం

చిరంజీవి పాపకు చిన్నాయన ఆశీస్సులు.

చెవుల మీద పెట్టుకునే పెద్ద హెడ్‌ఫోన్ కొనాలా, చెవిలో దూర్చుకునే బడ్స్ కొనాలా అని అడిగినావు. నువ్వు పంపిన మోడళ్లన్నీ చూసినా. అన్నింట్లోనూ బేస్ గురించే రాసినారు, చెవి గురించి ఒక్క మాట లేదు. ఇన్నేళ్లుగా ఈ సామాన్లు విప్పి బాగుచేస్తున్నా గానీ, నువ్వు అడగ్గానే నాకు ముందు గుర్తొచ్చింది నీ ఎడమ చెవి. చిన్నప్పుడు జలుబు చేస్తే చాలు, చీము కారేది. మర్చిపోయినావేమో, మీ అమ్మ మర్చిపోయి ఉండదు.

ఇంకెవరైనా అడిగింటే బడ్సే కొనమందును. కడప ఎండల గురించి నీకు నేను చెప్పాల్నా? ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఊర్లో, ఫ్యాను కింద కూర్చుని చెవుల మీద రెండు మెత్తలు బిగించుకుంటే గంటకే చెమట కారుతుంది. ఆ చెమటకు రెగ్జిన్ పొట్టు లేస్తుంది. బడ్స్‌కు ఆ బాధ లేదు. పైగా ఒకటి డబ్బాలో చార్జింగుకు పెట్టి, రెండోదాంతో మీటింగు నడిపించొచ్చు. అమ్మ వంటింట్లోంచి పిలిచినా వినపడుతుంది. కానీ పొద్దస్తమానం చెవి రంధ్రాన్ని రబ్బరుతో మూసిపెడితే లోపల గాలి ఆడదు, తడి ఆరదు, గుబిలి ఇంకా లోపలికి పోతుంది. ఒకప్పుడు చీము కారిన చెవికి అది మంచిది కాదు. అందుకే నీకు చెవిని పైనుంచి కప్పే హెడ్‌ఫోనే మేలు. గంటకోసారి తీసి చెవులకు గాలి తగలనివ్వు, మెత్తలను పొడిగుడ్డతో తుడువు. మెత్తలు విడిగా దొరికే మోడలే చూడు, ముందుగా పాడయ్యేది అవే.

నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్నదే తీసుకో, అది దండగ ఖర్చు కాదు. బెంగళూరు బస్సు గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను ఎట్లా మోగుతుందో నీకు తెలుసు. ఆ మోతను మించి పాట వినపడాలని అందరూ సౌండు పెంచుతారు, చెవులు దెబ్బతినేది అక్కడే. ఈ హెడ్‌ఫోన్ బయటి మోతను మైకుతో పట్టుకుని, దానికి సరిగ్గా ఎదురుగా ఉండే అలను స్పీకరులోంచి వదులుతుంది. రెండూ కలిసి అణిగిపోతాయి. ఇంజను, ఫ్యాను, కూలరు లాంటి ఒకే తీరు మోతకు బాగా పనిచేస్తుంది. హారన్లు, పక్కసీటు వాళ్ల మాటలు కొంత వినపడతాయి, దానికి వస్తువు చెడిపోయిందని అనుకోవద్దు. నీ కళ్లద్దాల కాడలు మెత్తల కింద సందు చేస్తే మాత్రం ఈ పని సగం చెడుతుంది. అందుకే కొనేదానికి అంగడికి పోయేటప్పుడు నీ కళ్లద్దాలు పెట్టుకుని పో.

సౌండు సంగతి గట్టిగా చెప్తున్నా, విను. శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పెద్దవాళ్లు 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు వినొచ్చు. 90 అయితే 4 గంటలే. 100కు పోతే వారం మొత్తానికి 20 నిమిషాలు. నీ ఆఫీసు మీటింగులు, పాటలు కలిపితే ఎన్ని గంటలవుతాయో నువ్వే చూసుకో. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని వెంట్రుక కణాలు ఒకసారి చచ్చిపోతే మనుషులకు మళ్లీ మొలవవు తల్లీ. హెడ్‌ఫోన్ తీసినాక చెవిలో గుయ్‌మంటే ఆరోజుకు ఇంక పెట్టుకోవద్దు.

బ్యాటరీలో కూడా పెద్దదే నయం. ఒక చార్జింగుకు 30 గంటలు దాటి వచ్చేవి చాలా ఉన్నాయి. బడ్స్‌లో ఉండేది చిన్న సెల్లు, బంక వేసి అతికించి ఉంటారు. అది నీరసించినాక మార్చడం నాలాంటి వాళ్లకే కష్టం. వైరు పెట్టుకునే 3.5 ఎంఎం జాక్ ఉందో లేదో కూడా చూడు, చార్జింగు అయిపోయిన రోజు పనికొస్తుంది. మీటింగులో మైకు ఆన్ కాగానే సౌండు నాసిగా మారితే కంగారు పడొద్దు. బ్లూటూత్ కాల్ మోడ్‌లోకి మారినప్పుడు అట్లా అవుతుంది.

అంగడిలో ఒక్క పాట విని లేవద్దు. పావుగంట తలకు పెట్టుకుని కూర్చో, నెత్తి మీద, కణతల దగ్గర నొక్కుతుందేమో తెలుస్తుంది. పెట్టె మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాల. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకో.

కొనే ముందు ఒకరోజు రిమ్స్‌కు పోయి ఈఎన్‌టీ డాక్టరుకు ఆ ఎడమ చెవి చూపించు. కర్ణభేరికి చిల్లు ఏమైనా మిగిలిందేమో చూసి చెప్తారు. వాళ్లు ఏమన్నారో నాకు ఫోన్ చెయ్, మోడల్ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

మీ చిన్నాయన