ఎక్సెల్ లెక్కల నుంచి నివేదికలు వాటంతట అవే తయారు కావాలంటే ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

ఎక్సెల్‌లోని లెక్కలను చక్కటి పేజీ నమూనాలో నింపి, నెలనెలా నివేదికలు మనిషి చేయి పడకుండా తయారయ్యేందుకు ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని మీరు అడిగారు. నేను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పాండాస్ అనే లైబ్రరీతో (అంటే సిద్ధంగా దొరికే ప్రోగ్రాముల కట్టతో) లెక్క కట్టి, జింజా అనే మరో లైబ్రరీతో నమూనాలో నింపి, వీజీప్రింట్ అనే ఇంకో లైబ్రరీతో పీడీఎఫ్ తీస్తాను. ఆ మాటకు వస్తే మరొకటైనా పని జరుగుతుంది. ఎక్సెల్‌లో ఖాళీగా ఉన్న గడిని అచ్చులో ఎలా చూపాలో ముందుగా తేల్చుకోకపోతే మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ మిమ్మల్ని కాపాడదు. ఈ విషయం నాకు తల బొప్పి కట్టాకే తెలిసింది.

కొన్నేళ్ల క్రితం నేను ఒక డెయిరీ లెక్కల విభాగంలో పనిచేసేవాణ్ణి. పదిహేను రోజులకొకసారి 112 పాల కేంద్రాలకు తలా ఒక పేజీ నివేదిక పంపాలి. ఏ రోజు ఎన్ని లీటర్లు పోశారు, వెన్న శాతం ఎంత, ఎస్.ఎన్.ఎఫ్. (పాలలో వెన్న కాక మిగిలిన ఘనపదార్థాలు) ఎంత అన్నవన్నీ అందులో ఉండాలి. ఇద్దరు గుమాస్తాలు రెండు రోజులు కూర్చుని చేసే ఆ పనిని నా ప్రోగ్రాము మూడు నిమిషాల్లో ముగించినప్పుడు ఆఫీసంతా నా బల్ల చుట్టూ చేరింది. వారం తిరగకముందే ఒక కేంద్రం కార్యదర్శి ఫోను చేసి, "మూడో తేదీకి ఎదురుగా నాన్ అని ఉందండీ, నాన్ అంటే రొట్టె అని తెలుసు గానీ పాలలోకి అదెలా వచ్చిందండీ?" అని అడిగారు. ఎక్సెల్‌లో ఖాళీగా వదిలిన గడిని పాండాస్ అలా, అంటే "అంకె కాదు" అన్న గుర్తుగా చదువుకుంటుంది, నా నమూనా దాన్ని అలాగే అచ్చువేసింది.

సిగ్గుపడి, మరో ఆలోచన లేకుండా, ఖాళీ గడులన్నింటిలో సున్నా పెట్టించాను. ఖాళీగా ఉన్నంతవరకు పాండాస్ ఆ రోజులను వదిలేసి సగటు కట్టేది, సున్నా పెట్టగానే వాటినీ లెక్కలోకి తీసుకుంది. ఒక కేంద్రంలో రెండు రోజులు పరీక్ష యంత్రం పనిచేయలేదు. మిగిలిన 13 రోజులూ వెన్న 6.4 శాతం ఉన్నా, 15తో భాగించేసరికి సగటు 5.5కు పడిపోయింది. 5.8 కంటే తగ్గితే ఎర్రటి పెట్టె గీయమని నమూనాలో నేనే రాసిపెట్టాను, ప్రోగ్రాము చెప్పినట్టే గీసింది.

నాలుగో రోజున ఆ కేంద్రం అధ్యక్షుడు గారు, అరవై దాటిన మనిషి, రెండు బస్సులు మారి వచ్చి, చొక్కా జేబులో నుంచి ఆ కాగితాన్ని తీసి, మడతలు అరచేత్తో సాపు చేస్తూ నా ముందు పరిచారు. "చేత్తో రాసిందయితే గుమాస్తా పొరపాటనుకునేవాళ్లం బాబూ. ఇంత నున్నగా, రంగుల్లో అచ్చయి వచ్చేసరికి నేనే పాలలో నీళ్లు కలిపిస్తున్నానని ఊరంతా నమ్మింది" అన్నారు. ఆ కాగితం నకలు కేంద్రం గోడ మీద కూడా అతికించి ఉందట. డబ్బు రోజువారీ లెక్క ప్రకారమే చెల్లించాం కనుక అందులో పైసా తేడా రాలేదు, పోయిందల్లా ఆయన పరువు. ఆయన ఎదురుగానే లెక్క తిరగవేస్తుంటే ఇంకో తప్పు బయటపడింది: 400 లీటర్లు వచ్చిన రోజుకూ 90 లీటర్లు వచ్చిన రోజుకూ నేను ఒకే విలువ ఇచ్చి సగటు కట్టాను. మొత్తం వెన్న బరువును మొత్తం పాల బరువుతో భాగించాలని పాలు పోసే ఏ రైతును అడిగినా చెప్పేవాడు.

ఇంత జరుగుతుంటే మా మేనేజరు గారికి మాత్రం ప్రతి పేజీలో ఒక పై చార్టు (గుండ్రటి బొమ్మను ముక్కలుగా కోసి వాటాలు చూపేది) కావాలి. ఒకే కేంద్రం గురించిన పేజీలో దేన్ని ముక్కలు చేసి చూపాలో ఆయన ఏనాడూ చెప్పలేదు. డిజైనరు ఇచ్చిన నమూనా అను ఫాంట్లలో ఉంది. అవి పాత తరహా తెలుగు ఫాంట్లు, అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ కావు కనుక ఎక్సెల్ నుంచి వచ్చిన ఊరి పేర్లన్నీ పిచ్చిగీతలయ్యాయి, నమూనానంతా మళ్లీ మొదటి నుంచి కట్టవలసి వచ్చింది. పైథాన్‌లో మామూలుగా కామాలు పెట్టిస్తే 12,34,567 కాస్తా 1,234,567 అవుతుంది, దానికి బేబెల్ లైబ్రరీ వాడండి. నమూనాను మీ జాబితాలోని అతి పొడవైన ఊరి పేరుతో పరీక్షించండి, "రామాపురం"తో పరీక్షిస్తే ఏ నమూనా అయినా అందంగానే కనిపిస్తుంది.

ఆ తరువాత ఖాళీ గడిలో "పరీక్ష కాలేదు" అనీ, సగటు కింద "13 రోజుల పరీక్షల ప్రకారం" అనీ అచ్చయ్యేలా మార్చాను. ఒక కేంద్రానికి మూడు కంటే ఎక్కువ ఖాళీలుంటే పీడీఎఫ్ తయారు కాకుండా ప్రోగ్రాము ఆగిపోతుంది, మనిషి చూసి సరేనన్న తరువాతే ముందుకు సాగుతుంది. పూర్తిగా యంత్రమే చేయాలన్న వాళ్లకు ఇది నచ్చదు, నచ్చకపోయినా నేను తీసివేయలేదు. అధ్యక్షుడు గారు వెళ్లే ముందు అంకెలు మరీ చిన్నవిగా ఉన్నాయనడంతో 9 పాయింట్ల అక్షరాన్ని 13 చేశాను. దానితో లోగో మూలకు జరిగింది, పై చార్టుకు చోటు లేకుండా పోయింది, డిజైనరు నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు. సరిచేసిన పేజీని అధ్యక్షుడు గారు రెండు ప్రతులు అడిగి తీసుకున్నారు. ఒకటి ఫైలుకు, ఒకటి గోడ మీద పాత కాగితం పైనే అతికించడానికి.