స్టామెన్, స్టామినా: రెండూ ఒకే మాటా?

అవును, ఒకే మాట. లాటిన్‌లో స్టామెన్ ఏకవచనం, స్టామినా దాని బహువచనం. పువ్వులో పుప్పొడి ఉండే భాగాన్ని మనం కేసరం అంటాం కదా, ఇంగ్లీషులో అదే స్టామెన్. కానీ దాని మొదటి అర్థం పువ్వుకి సంబంధించింది కాదు, మగ్గానికి సంబంధించింది: పడుగు పోగు, అంటే మగ్గం మీద పొడవునా బిగించే దారం.

మాది నేత ఇల్లు. తాతయ్య గుంట మగ్గం మీద చీరలు నేసేవారు. డిగ్రీలో బోటనీ చదువుతూ ఈ అర్థం తెలుసుకుని ఎంత సంబరపడ్డానో! ఒక్కటి మాత్రం మింగుడుపడలేదు. స్టామెన్‌కి మూలం 'నిలబడటం' అని నిఘంటువులో ఉంది. మన స్థానం, స్థిరం అనే మాటల్లోని 'స్థా' ధాతువుకి అది తోబుట్టువే. మా ఇంట్లో పడుగు ఎప్పుడూ నేలబారుగా పరుచుకునే ఉండేది. మరి నిలబడే పడుగేమిటి?

కొన్నేళ్ల తర్వాత ఏలూరులో తివాచీలు నేసే మగ్గం చూశాను. పడుగు పైనుంచి కిందికి గోడలా నిలువుగా ఉంది. అప్పుడు అర్థమైంది. పాతకాలపు గ్రీకు, రోమన్ మగ్గాలు కూడా నిలువువే. పై కర్రకి దారాలు కట్టి, బిగువు కోసం కింద మట్టి బరువులు వేలాడదీసేవాళ్లు. గ్రీకులో మగ్గం పేరు 'హిస్టోస్' కూడా నిలబడటం నుంచి వచ్చిందే. కణజాలాల గురించి చెప్పే హిస్టాలజీకి ఆ పేరు అక్కడిదే.

ఇప్పుడు ఒక లిల్లీ పువ్వులోకి చూడండి. నడుమ నిటారుగా నిలిచిన పోగులు ఆరు. మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ లిల్లీని వర్ణిస్తూ వాడింది ఈ స్టామెన్ అనే మాటే. 18వ శతాబ్దంలో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ మొక్కలను 24 తరగతులుగా విడగొట్టినప్పుడు చాలావరకు ఈ పోగులనే లెక్కపెట్టాడు.

ఇక స్టామినా. ప్రతి మనిషి ఆయుష్షునీ దేవతలు ఒక దారంగా వడుకుతారని, ఆ దారం ఎంత పొడవుంటే ఆయుష్షు అంత అని రోమన్ల నమ్మకం. ఆ దారాల పేరే ఇంగ్లీషులోకి వచ్చి పుట్టుకతో వచ్చే ప్రాణశక్తి అయింది, తర్వాత ఓర్పు, దమ్ము అయింది.

మన కేసరానికి మూలం వేరు. సంస్కృతంలో కేసరమంటే వెంట్రుక, సింహం జూలు. దిరిసెన పువ్వు చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో ఇట్టే తెలుస్తుంది.

పరీక్షకి చదువుతుంటే ఒక్క జాగ్రత్త: మనం కేసర్ అని కొనే కుంకుమపువ్వు కేసరం కాదు, ఆ పువ్వు కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే కొన.