డ్రోన్ కొన్న అల్లుడికి

హన్మకొండ

చిరంజీవి అల్లుడికి,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి నువ్వు డ్రోన్ కొన్నావని చెప్పింది. ఆదివారం మేడ ఎక్కి ఎగరేస్తానన్నావట. వినగానే సంతోషమేసింది, ఆ వెనకే టెన్షన్ కూడా పట్టుకుంది. ఫోన్‌లో అయితే సగం చెప్తాను, సగం మర్చిపోతాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మేడ మీద నుంచి మాత్రం లేపకు. స్లాబ్‌లో చువ్వలుంటాయి గదా, డ్రోన్‌లో ఉన్న కంపాస్ ఆ ఇనుము దగ్గర తప్పు దిక్కు చూపిస్తుంది. అట్లా లేచిన డ్రోన్ గాల్లో నిలకడగా ఉండకుండా పక్కకు జారుతూ గుండ్రంగా తిరగడం మొదలుపెడితే కొత్తవాడి చేతికి లొంగదు. పైగా చుట్టూ కేబుల్ వైర్లు, సర్వీసు వైర్లు. ఊరి బయట వరి కోసిన మడి ఒకటి చూసుకో. రైతును అడిగే దిగు. కరెంటు స్తంభాలకు కనీసం వంద మీటర్ల దూరంలో ఉండు. రెండు స్తంభాలు కనపడ్డాయంటే మధ్యలో తీగ ఉన్నట్టే లెక్క, కెమెరాలో ఆ తీగ కనిపిస్తుందని నమ్ముకోకు.

మడిలోకి పోయేటప్పుడు ఒక పాత ఫ్లెక్సీ ముక్క తీసుకుపో. దాన్ని పరిచి, నాలుగు మూలలా బరువైన రాళ్లు పెట్టి, దాని మీద నుంచే లేపు, దాని మీదే దింపు. ఇది ముప్పై ఏళ్లు మోటార్లు వైండింగ్ చేసినవాడిగా చెప్తున్నాను. డ్రోన్ మోటార్ లోపల అయస్కాంతాలుంటాయి. మన మట్టిలో ఇనుప రజను ఉంటుంది. నేల మీద నుంచి లేపితే ఫ్యాన్ల గాలికి దుమ్ము లేచి ఆ రజను పోయి అయస్కాంతానికి అంటుకుంటుంది, ఊదితే రాదు. ఎగరేయడం అయిపోయిన ప్రతిసారీ, డ్రోన్ ఆఫ్ చేసి, నాలుగు మోటార్లనూ వేలితో మెల్లగా తిప్పి చూడు. నునుపుగా తిరగాలి. ఒక్కదాంట్లో గరగరమని వేలికి తగిలినా ఆ రోజుకు ఆపెయ్యి. రెక్కల అంచుల మీద గోరు పెట్టి లాగు. గోరు ఎక్కడైనా తట్టుకుంటే ఆ రెక్క మార్చాల్సిందే. నలభై రూపాయలో, నూటయాభయో మిగులుతాయని నొక్కుపడ్డ రెక్కతో ఎగరేయకు.

ఇక మొదటి రోజుల సంగతి. ఎత్తుకు పోవాలని, ఊరంతా ఒక్కసారి చూడాలని మనసు లాగుతుంది. ఆ వారం ఓపిక పట్టు. మొదట తలుపెత్తు దాకా లేపి, పది సెకన్లు అక్కడే నిలపు. చప్పుడు విను, పక్కకు జరుగుతుందా చూడు. డ్రోన్ తోక నీ వైపు, కెమెరా అవతలి వైపు ఉండాలి. అప్పుడు నువ్వు కుడికి నొక్కితే అది కుడికే పోతుంది. రిమోట్ మీద రెండు పుల్లలుంటాయి. ఎడమ చేతి పుల్ల ఎత్తుకు, తిరగడానికి. కుడి చేతిది ముందుకు, వెనక్కు, పక్కలకు. బొటనవేలు ఒక్కటే పెట్టకుండా, బొటనవేలికి చూపుడువేలు కలిపి పుల్లను పట్టుకో, చేయి వణకదు. ఒక బ్యాటరీ అంతా చదరం గీస్తూ తిప్పు.

రెండో రోజు డ్రోన్ ముఖాన్ని నీ వైపు తిప్పి అదే చదరం గియ్యి. అసలు కష్టం ఇక్కడే. ముఖం నీ వైపు ఉన్నప్పుడు కుడికి నొక్కితే అది నీ ఎడమకు పోతుంది. మెదడుకు తెలిసినా వేలికి తెలియదు. చాలామంది గోడకో చెట్టుకో కొట్టుకునేది దగ్గరికి తెచ్చుకునేటప్పుడే. నాకు ఇది చేతికెక్కడానికి పది బ్యాటరీలు పట్టింది. నీ వయసులో తొందరగా వస్తుంది, కానీ వచ్చేదాకా వేరే పని పెట్టుకోకు. తికమక పడ్డావా, రెండు పుల్లలూ వదిలెయ్. జీపీఎస్ పట్టుకుని ఉన్న డ్రోన్ చేతులు వదిలేస్తే ఉన్నచోటే ఆగుతుంది. భయంలో పుల్లను ఇంకా గట్టిగా నొక్కడమే మనిషి చేసే తప్పు. అందుకే రోజూ నాలుగైదు సార్లు కావాలనే చేతులు వదిలి ఆగడం చూడు, ఆ అలవాటు వేలికి పట్టాలి.

ఇంతకన్నా ముఖ్యమైనది, ఈ ఉత్తరం రాస్తున్నదే దానికోసం. స్క్రీన్ కాదు, డ్రోన్‌ను చూడు. ఫోన్‌లో బొమ్మ అందంగా ఉంటుంది, కళ్లు దానికే అతుక్కుపోతాయి. కెమెరా ముందుకే చూస్తుంది. పక్కన కొమ్మ, పైన గద్ద, వెనక తీగ దానికి కనపడవు. డ్రోన్ కంటికి కనిపించే దూరంలోనే ఉండాలని రూల్ కూడా ఉంది. నీది చిన్న డ్రోన్, ఓ మూడొందల మీటర్లు దాటితే ఆకాశంలో చుక్క, ముఖం ఎటుందో తెలియదు.

నా మొదటి డ్రోన్ అట్లానే పోయేది. వర్ధన్నపేట దగ్గర మన చుట్టాల ఊరికి పోయినప్పుడు చెరువు కట్ట కింద పొలంలో నుంచి లేపాను. కట్ట మీద వరుసగా తాటిచెట్లు. వాటి మీదుగా నీళ్ల మీదికి పంపించి, స్క్రీన్‌లో నీళ్లు మెరుస్తుంటే చూస్తూ నిలబడ్డాను. డ్రోన్ దిగువకు దిగి కట్ట వెనక్కు పోయింది, సిగ్నల్ తెగింది. సిగ్నల్ తెగితే దానంతట అదే తిరిగి వస్తుంది గదా అని ధైర్యంగానే ఉన్నాను. వచ్చింది కూడా. నేను పెట్టిన 25 మీటర్ల ఎత్తుకు లేచి, తిన్నగా నా వైపు వచ్చి, తాటి మట్టల్లో దూరి ఫటఫటమని కొట్టుకుని అక్కడే ఇరుక్కుపోయింది.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత కూర్చుని లెక్క వేశాను. ఆ 25 మీటర్లు డ్రోన్ లేచిన చోటు నుంచి లెక్క. నేనేమో కట్ట కింద పల్లంలో ఉన్నాను. కట్టే ఆరు మీటర్లు, దాని మీద తాడిచెట్టు ఇరవై. చెట్టు తల నాకు 26 మీటర్ల పైన ఉంది. ఒక్క మీటరు. ఊళ్లో గౌడన్న ఒకాయన మోకు వేసుకుని ఎక్కి, మట్టల మధ్య నుంచి తీసి, కండువాలో చుట్టి జాగ్రత్తగా కిందికి తెచ్చాడు. రెండు రెక్కలు విరిగాయి, కెమెరా మెడ వంకరపోయింది. ఆయన రుణం నేను మర్చిపోలేదు.

అందుకని, రిటర్న్ టు హోమ్ ఎత్తును, అంటే దానంతట అది తిరిగి వచ్చేటప్పుడు లేవాల్సిన ఎత్తును, ఎగరేసే ప్రతి కొత్త చోటా పెట్టుకోవాలి. చుట్టూ చూసి, అన్నింటికన్నా ఎత్తైన చెట్టో టవరో ఎంత ఉందో అంచనా వేసి, ఇంకో పదిహేను మీటర్లు కలుపు. మన పల్లెల్లో తాటిచెట్లున్న చోట 45 మీటర్లకు తక్కువ పెట్టకు. లేపే ముందు శాటిలైట్లు దొరికి, హోమ్ పాయింట్, అంటే అది తిరిగి రావాల్సిన చోటు, రికార్డయిందని యాప్ చెప్పేదాకా ఆగు. ఆ నిమిషం ఆగకుండా లేపితే దానికి ఇల్లెక్కడో తెలియదు.

బ్యాటరీ డబ్బా మీద ముప్పై నిమిషాలని ఉంటుంది, నువ్వు ఇరవై అనుకో. గాలికి ఎదురుగా పో, గాలితో పాటు తిరిగి రా. నలభై శాతానికి వెనక్కి మళ్లు. ఎండాకాలంలో మన దగ్గర 43, 44 డిగ్రీలు ఉంటుంది, చాలా చిన్న డ్రోన్లకు 40 దాకానే హద్దు. పొద్దున ఆరు నుంచి ఎనిమిది లోపల ముగించెయ్. దిగిన బ్యాటరీని వేడి మీదే ఛార్జింగ్ పెట్టకు, చల్లారనివ్వు. వారం రోజులు ఎగరెయ్యవనుకుంటే ఫుల్ చేసి పెట్టకు, సగం పైచిలుకు ఉంచు. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడనే వాడకు, ఇంట్లో బీరువాలో దాచకు.

గద్ద మీదికి వస్తే కిందికి దించకు, నిట్టనిలువుగా పైకి పో. అది అంత వేగంగా నిలువుగా ఎక్కలేదు. చెరువు మీద మరీ కిందికి దింపకు, అడుగున ఉండే సెన్సార్లు కదిలే నీళ్లను చూసి పొరపడతాయి. సంక్రాంతి వారంలో డ్రోన్ బయటికే తీయకు, మాంజా కంటికి కనపడదు.

రూల్స్ ఎక్కువ లేవు, ఉన్నవి పాటించు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల లోపువి నానో, అక్కడి నుంచి రెండు కిలోల దాకా మైక్రో. సరదాకు ఎగరేసేవాళ్లకు ఈ రెండింటికీ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, కానీ మైక్రో అయితే రిజిస్ట్రేషన్ చేసి యూఐఎన్, అంటే ఆ డ్రోన్‌కు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు నంబర్ తీసుకోవాలి. నీది 249 గ్రాములని అన్నావట. బ్యాటరీతో, రెక్కల గార్డులతో కలిపి బంగారం షాపులో తూకం వేయించు. గార్డులు తగిలిస్తే 250 దాటిపోతుంది, అప్పుడది నానో కాదు. ఎక్కడ ఎగరేయొచ్చో, ఎక్కడ కూడదో రంగులతో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ ప్రతిసారీ చూడు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా అనుమతి అక్కర్లేదు, రెడ్‌లో అసలు వద్దు. మామునూరు పాత ఎయిర్‌స్ట్రిప్‌ను మళ్లీ తెరవడానికి 2025లో కేంద్రం ఒప్పుకుంది, కాబట్టి మన చుట్టుపక్కల మ్యాప్ మారవచ్చు. వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప పురావస్తు శాఖ కిందివి, వాళ్ల అనుమతి లేకుండా వాటి మీదికి పంపకు. ఏటూరునాగారం, పాకాల అడవులూ అంతే. మేడారం జాతర సంగతి చెప్పనే అక్కర్లేదు, అంత జనం నెత్తి మీద ఏదీ ఎగరకూడదు.

ఇంకొక్కటి, ఇది ఏ రూల్‌లో ఉన్నా లేకున్నా. మేడల మీద ఆడవాళ్లు మిరపకాయలు ఎండబోసుకుంటుంటారు, చెరువు దగ్గర స్నానాలు చేస్తుంటారు. అటు కెమెరా తిప్పకు. ఎవరైనా ఏం తీస్తున్నావని అడిగితే డ్రోన్ దింపి స్క్రీన్ చేతికిచ్చి చూపించు. కోపంతో వచ్చినవాళ్లు కూడా తమ పొలం పైనుంచి చూసుకుని చల్లబడతారు. బర్ల మందల మీద దింపకు, బెదిరి పరిగెత్తితే కాళ్లు విరుగుతాయి.

ఈ ఆదివారం ఒక్కడివే పోకు. పొద్దున ఆరింటికల్లా ధర్మసాగర్ దాటాక మన పొలం దగ్గరికి రా, ముందు రాత్రే మ్యాప్ నేను కూడా చూసి పెడతాను. బ్యాటరీలు ఛార్జ్ చేసుకో, రెక్కలు రెండు జతలు ఎక్కువ తెచ్చుకో. ఫ్లెక్సీ నా దగ్గర ఉంది. మీ అమ్మను కూడా వెంటబెట్టుకుని రా, పైనుంచి పొలం చూడాలని ఎన్నాళ్ల నుంచో అంటోంది.

మీ మామ