లాగిన్ కాగానే బయటకు నెట్టేస్తుంటే

పాస్‌వర్డ్ సరిగానే కొట్టినా మీ కంప్యూటర్‌లోని లినక్స్ మింట్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) క్షణం పాటు నల్ల తెర చూపి, మళ్లీ లాగిన్ దగ్గరికే తెస్తోందన్నారు. పాస్‌వర్డ్ తప్పయితే ఆ మాట అదే చెప్పేది. తలుపు తీస్తోంది, లోపల డెస్క్‌టాప్ మొదలుకావడం లేదు, అంతే. ఎవరో సలహా ఇచ్చారని అప్పుడే ఫార్మాట్ చేయకండి!

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. వచ్చిన అక్షరాల తెరలో లాగిన్ అయ్యి ‘డీఎఫ్ -హెచ్’ (df -h) కొట్టండి, డిస్కు ఎంత నిండిందో చూపిస్తుంది. డిస్కు 100 శాతం నిండి ఉంటే అనవసరమైన ఫైళ్లు తీసేస్తే చాలు.

ఖాళీ ఉంటే ‘ఎల్ఎస్ -ఎల్ఏ’ (ls -la) కొట్టి, చుక్కతో మొదలయ్యే ఎక్స్‌అథారిటీ (.Xauthority) ఫైలు వరుస చూడండి. మీ పేరు ఉండాల్సిన చోట ‘రూట్’ (root, అంటే సిస్టమ్ అడ్మిన్ ఖాతా) అని ఉంటే దొంగ దొరికినట్టే. సుడోతో, అంటే అడ్మిన్ హక్కులు ఇచ్చే కమాండ్‌తో, ఏదైనా గ్రాఫిక్ ప్రోగ్రామ్ నడిపినప్పుడు ఇలా అవుతుంటుంది. ‘సుడో సీహెచ్ఓడబ్ల్యూఎన్’ (sudo chown, ఫైలు యజమానిని మార్చే కమాండ్) తర్వాత మీ యూజర్ పేరు, ఆపైన ఆ ఫైలు పేరు చుక్కతో సహా ఇచ్చి రీబూట్ చేయండి.