చవక తూటాతో వేట: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలో ఉన్న పిల్లల తరఫున గుంటూరు, విజయవాడల నుంచి వచ్చిన ప్రశ్నలే ఈసారి ఎక్కువ. అక్కడ లైసెన్సు తీసుకుని సీజన్‌లో జింకను వేటాడటం చట్టబద్ధం. మన దగ్గర నేరం. కింది జవాబులు చదివేటప్పుడు ఈ తేడా మనసులో ఉంచుకోండి.

ప్రశ్న: మా అల్లుడుగారు డాలస్‌లో ఉంటారు. నవంబరులో స్నేహితులతో కలిసి జింక వేటకు వెళ్తున్నారు. రైఫిల్ .308 సైజుది. షాపులో ఎఫ్‌ఎంజె తూటాలు దాదాపు సగం ధరకే వస్తున్నాయట. ‘ఏ తూటా అయినా ఒకటే కదా మామయ్యా’ అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఒకటి కాదండీ. తూటా ముందు భాగంలో ఉండి దూసుకెళ్లేదే బుల్లెట్. ఎఫ్‌ఎంజె (ఫుల్ మెటల్ జాకెట్) బుల్లెట్‌లో సీసాన్ని ముక్కు చివరిదాకా గట్టి తొడుగుతో కప్పేస్తారు. అది జింకకు తగిలినా విచ్చుకోదు. ఎముక అడ్డం రాకపోతే సన్నటి రంధ్రం చేసుకుని అవతలికి వెళ్లిపోతుంది. ఊపిరితిత్తుల్లోంచే వెళ్లినా జింక వెంటనే పడదు, చాలా దూరం పరుగెత్తుతుంది. రక్తం చుక్కలు తక్కువ కాబట్టి జాడ దొరకదు. పొదల్లో ఎక్కడో చచ్చి పడి ఉంటుంది, మాంసం ఎవరికీ దక్కదు. పైగా అవతలికి పోయిన బుల్లెట్‌లో ఇంకా బోలెడు శక్తి మిగిలి ఉంటుంది. వెనకాల మట్టిగట్టు లేకపోతే అది ఎక్కడ తేలుతుందో చెప్పలేం.

వేటకు కావలసింది సాఫ్ట్ పాయింట్. దీని ముక్కు దగ్గర సీసం బయటికి కనిపిస్తుంది. తగలగానే పుట్టగొడుగులా విచ్చుకుని, అసలు మందానికి ఒకటిన్నర నుంచి రెండింతలు అవుతుంది. డబ్బా మీద ఎస్‌పీ, జెఎస్‌పీ, పీఎస్‌పీ అని ఉంటే అదే. బీటీహెచ్‌పీ మ్యాచ్ అని ఉంటే తీసుకోవద్దు. ముక్కుకు చిన్న రంధ్రం ఉన్నా అది కాగితం టార్గెట్ కోసం చేసినది. జంతువు మీద ఒకసారి విచ్చుకుంటుంది, ఒకసారి విచ్చుకోదు.

ఇక చవక సంగతి. చవకలోనూ మంచివి ఉన్నాయి. రెమింగ్టన్ కోర్-లోక్ట్ 1939 నుంచి వస్తున్న డిజైన్. ఫెడరల్ పవర్-షోక్, వించెస్టర్ పవర్-పాయింట్ కూడా ఆ కోవలోవే. వైట్‌టెయిల్ జింకకు, 200 గజాల లోపు దూరానికి వీటికంటే ఖరీదైనది కొనడం, మా ఉద్దేశంలో, డబ్బు దండగ. మిగిలిన డబ్బుతో ఇంకో రెండు డబ్బాలు కొని ప్రాక్టీసు చేయమనండి. ఆయన కొలరాడో వైపు వెళ్లేటట్టయితే ఈ ఎంపిక ఇష్టానికి వదిలేసింది కాదు. అక్కడ పెద్ద జంతువుల వేటలో విచ్చుకునే బుల్లెట్టే వాడాలి. జింకకు కనీసం 70 గ్రెయిన్లు (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత), ఎల్క్ అనే పెద్ద జింక జాతికి 85 గ్రెయిన్ల బరువుండాలి.

ప్రశ్న: నేను టెక్సస్ నుంచి సెలవు మీద వచ్చాను. నా దగ్గర 7.62×39 రైఫిల్ ఉంది, మా మిత్రుడిది .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్. ఇద్దరం చవక సాఫ్ట్ పాయింటే వాడతాం. ఎంత దూరందాకా నమ్మవచ్చు?
– పటమట, విజయవాడ

జవాబు: మీ ఇద్దరికీ జవాబు ఒకటి కాదు. మీకు వేగం చాలకపోవడం సమస్య, మీ మిత్రుడికి వేగం ఎక్కువ కావడం సమస్య.

మామూలు సీసం-రాగి బుల్లెట్ సరిగ్గా విచ్చుకోవాలంటే తగిలేటప్పుడు వేగం సెకనుకు సుమారు 1,800 అడుగులైనా ఉండాలి. 7.62×39లో 123 గ్రెయిన్ల బుల్లెట్ 2,350 దగ్గర బయల్దేరి 200 గజాలకే ఆ అంచుకు దిగిపోతుంది. 150 గజాలు దాటి కాల్చకండి. పోల్చి చూడాలంటే .308లో 150 గ్రెయిన్ల బుల్లెట్ 2,820తో బయల్దేరి, 100 గజాల దగ్గర 2,530, 200 దగ్గర 2,260, 300 దగ్గర 2,010 ఉంటుంది. ఈ అంకెలు 24 అంగుళాల గొట్టానివి. గొట్టం అంగుళం తగ్గితే .308లో వేగం 20 నుంచి 25 అడుగులు తగ్గుతుంది. 18 అంగుళాల గొట్టంతో డబ్బా మీది అంకెలను నమ్ముకుంటే తేడా కొడుతుంది.

మ్యాగ్నమ్‌లో దీనికి వ్యతిరేకం. 150 గ్రెయిన్ల చవక బుల్లెట్ దాదాపు 3,290తో బయల్దేరుతుంది. 50 గజాల్లో జబ్బ ఎముకకు తగిలితే తొడుగు ఒకవైపు, సీసం ఒకవైపు విడిపోతాయి. పైపైన పెద్ద గాయం అవుతుంది, లోపలికి మాత్రం దిగదు. కంపెనీని తిట్టుకోవడం ఎందుకు, ఆ వేగానికి ఆ బుల్లెట్ పనికిరాదు, అంతే. మీ మిత్రుణ్ణి అదే ధరలో దొరికే 180 గ్రెయిన్లది తీసుకోమనండి. 2,960తో బయల్దేరుతుంది, బరువు వల్ల లోతుగా దిగుతుంది. జబ్బ మీద కాకుండా దాని వెనక, ఊపిరితిత్తుల మీద గురి పెట్టాలి. ఎల్క్ కోసం అయితే పొదుపు మాట మానేసి బాండెడ్ రకం (సీసం తొడుగుకు అతుక్కుని ఉండేది) గానీ, నోస్లర్ పార్టిషన్ (లోపల అడ్డుగోడ ఉండేది) గానీ, పూర్తి రాగిది గానీ కొనడమే మంచిది.

ఇంకొకటి. సీసపు బుల్లెట్ విచ్చుకునేటప్పుడు కంటికి కనిపించని రవ్వలు మాంసంలోకి చెదురుతాయి. గాయం చుట్టూ మాంసాన్ని వెనకాడకుండా తీసేయండి. ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు తినేదైతే రాగి బుల్లెట్ వాడండి. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు సీసం పూర్తిగా నిషిద్ధం.

ప్రశ్న: ఉక్కు కేసు తూటాలు తుపాకీని పాడుచేస్తాయా?
– లబ్బీపేట, విజయవాడ

జవాబు: పాడుచేయడం కన్నా విసిగించడం ఎక్కువ. కేసు అంటే మందు నింపే డొప్ప, ఛాంబర్ అంటే తుపాకీలో తూటా కూర్చునే చోటు. పేలినప్పుడు ఇత్తడి కేసు సాగి ఛాంబర్‌ను మూసేస్తుంది, మళ్లీ ముడుచుకుంటుంది. ఉక్కు అంత బాగా సాగదు. పక్కల నుంచి మసి వెనక్కి వచ్చి ఛాంబర్‌లో పేరుకుంటుంది. అలా చాలా రౌండ్లు కాల్చి, శుభ్రం చేయకుండా ఇత్తడి తూటా పెడితే అది ఇరుక్కుంటుంది. రెంటినీ కలిపి వాడకండి, మధ్యలో ఛాంబర్‌ను బ్రష్‌తో తోమండి. చాలా ఉక్కు కేసు తూటాల్లో బుల్లెట్ తొడుగు కూడా ఉక్కే, పైన రాగి పూత. అయస్కాంతం అంటుకుంటే అదే. అందుకే కొన్ని రేంజ్‌లు (కాల్పులు ప్రాక్టీసు చేసే చోట్లు) వీటిని రానివ్వవు. వీటిలోనూ సాఫ్ట్ పాయింట్ దొరుకుతుంది కాబట్టి వేటకు చూడాల్సింది కేసును కాదు, బుల్లెట్ ముక్కును. రష్యా సరుకు మీద అమెరికా 2021లో ఆంక్షలు పెట్టాక వీటి చవకదనం కూడా మునుపటంత లేదు.

పాత మిలిటరీ మిగులు తూటాలైతే వేరే జాగ్రత్త కావాలి. కొన్నిటి ప్రైమర్‌లో (మందును అంటించే భాగం) లవణాలుంటాయి, తేమ తగిలితే గొట్టం తుప్పు పడుతుంది. నూనె ఒక్కటే రాస్తే లాభం లేదు. ఆ రోజే వేడినీళ్లతో గొట్టం కడిగి, ఆరబెట్టి, తర్వాత నూనె రాయాలి.

ప్రశ్న: ప్రాక్టీసు చవక ఎఫ్‌ఎంజెతో చేసి, వేటకు సాఫ్ట్ పాయింట్ పెడితే గురి మారుతుందా?
– అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మారుతుంది. రెండిటి బరువూ ఒకటే అయినా 100 గజాల దగ్గర రెండు మూడు అంగుళాలు పక్కకు పోవచ్చు. చేయి అలవాటు పడటానికి చవకవి కాల్చుకోండి, జీరో (గురి సరిచేసుకోవడం) మాత్రం వేట తూటాతోనే చేయాలి. డబ్బా మీది లాట్ నంబరు (ఒకే విడతలో తయారైన సరుకు గుర్తు) చూసి, ఒకే లాట్‌వి మూడు డబ్బాలు తీసుకోండి. 100 గజాల దగ్గర మూడేసి రౌండ్ల చొప్పున అయిదు సార్లు కాల్చండి, ప్రతి మూడింటి తర్వాత గొట్టం చల్లారనివ్వండి. అయిదు సార్లూ గుంపు (రంధ్రాలు పడ్డ మేర) రెండు అంగుళాల్లోపు వస్తే చాలు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాల వెడల్పు. రెండు అంగుళాల గుంపు 200 గజాలకు నాలుగవుతుంది, మిగతా నాలుగు అంగుళాలూ మీ చేతి వణుకుకు. గుంపు నాలుగు అంగుళాలు వస్తుంటే ఇంకో బ్రాండు ప్రయత్నించండి. ఒక రైఫిల్‌కు పడింది ఇంకో రైఫిల్‌కు పడదు, దీనికి ధరతో పనిలేదు.

.308, 150 గ్రెయిన్లకు 100 గజాల దగ్గర రెండు అంగుళాలు పైకి పెడితే 200 దగ్గర సరిగ్గా తగులుతుంది, 300 దగ్గర ఎనిమిది తొమ్మిది అంగుళాలు దిగుతుంది. సెప్టెంబరు ఎండలో జీరో చేసి గడ్డకట్టే చలిలో వేటకు వెళ్తే మందు మెల్లగా కాలి వేగం తగ్గుతుంది. అక్కడికి చేరాక రెండు మూడు రౌండ్లు కాల్చి చూసుకోవాలి.

ప్రశ్న: మా అబ్బాయిది హెచ్-1బి. వేటకు వెళ్లవచ్చా?
– ఒక తల్లి, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదన్నది అమెరికా ఫెడరల్ చట్టంలో మామూలు నియమం. అక్కడి రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉంటే మినహాయింపు. దాని గడువు తీరకుండా చూసుకోమనండమ్మా, టెక్సస్‌లో ఏడాది లైసెన్సు ఆగస్టు 31తో అయిపోతుంది. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు అక్కడ హంటర్ ఎడ్యుకేషన్ (వేట శిక్షణ) నియమం కూడా వర్తిస్తుంది.

ఆ అబ్బాయి సెలవులకు వచ్చేటప్పుడు రేంజ్‌కు తీసుకెళ్లే బ్యాగు మాత్రం తేవద్దనండి. అరల్లో ఒక్క తూటా మిగిలిపోయి గన్నవరం విమానాశ్రయంలో స్కానర్‌కు దొరికితే ఆయుధాల చట్టం కింద కేసు. గుర్తుగా దాచుకున్న ఖాళీ తూటా డొప్పలు కూడా తేవద్దు.

ప్రశ్న: మా మొక్కజొన్నను అడవి పందులు పాడుచేస్తున్నాయి. పంట రక్షణకు తీసుకున్న .315 లైసెన్సు ఉంది. కాల్చవచ్చా?
– గుంటూరు జిల్లా రైతు

జవాబు: ఆయుధం లైసెన్సు ఉన్నంత మాత్రాన వేటకు అనుమతి ఉన్నట్టు కాదు. 1972 వన్యప్రాణి చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధిస్తుంది. పంటకు ముప్పు ఉంటే 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. నష్టం ఫొటోలు, పొలం కాగితాలతో అటవీశాఖ రేంజ్ ఆఫీసులో అర్జీ పెట్టండి. కరెంటు తీగ, నాటు బాంబు జోలికి వెళ్లకండి. రాత్రి నీళ్లు కట్టడానికి వెళ్లిన పక్క రైతు ప్రాణం పోతుంది.