ఆ విత్తనానికి అడ్వాన్స్ ఇవ్వకండి

ప్రశ్న: రెండెకరాల్లో ఆలుగడ్డ వేశాను. నలభై రోజులకే అక్కడక్కడా మొక్కలు పచ్చగా ఉండగానే వాడిపోతున్నాయి. గడ్డ కోస్తే లోపల గోధుమరంగు వలయం కనిపిస్తోంది. లేట్ బ్లైట్ (ఆకుమాడు తెగులు) అనుకుని మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు మూడుసార్లు కొట్టాను, తగ్గలేదు. జన్యు సవరణ చేసిన విత్తనం వచ్చింది, ఏ తెగులూ రాదు అంటూ షాపతను అడ్వాన్స్ అడుగుతున్నాడు. వేసుకోవచ్చా?
– ఒక రైతు, జహీరాబాద్, సంగారెడ్డి జిల్లా

జవాబు: మీది లేట్ బ్లైట్ కాదు. అదైతే ముందు ఆకులపై తడిసినట్టు మచ్చలు, పొద్దున్నే ఆకు అడుగున తెల్లని బూజు కనబడాలి. మీరు చెప్పినదాన్ని బట్టి బ్యాక్టీరియా ఎండు తెగులని నా అనుమానం. వాడిన మొక్క కాండాన్ని మొదట్లో కోసి గాజు గ్లాసు నీళ్లలో వేలాడదీయండి. కొద్ది నిమిషాల్లో పాలలాంటి సన్నని ధార కిందికి దిగితే అదే. మీరు కొట్టింది శిలీంద్రనాశిని, అది బ్యాక్టీరియాను ఏమీ చేయదు. మూడు స్ప్రేల డబ్బు పోయింది, నాలుగోది కొట్టకండి. వాడిన మొక్కలను గడ్డలతో సహా తీసి పొలం బయట కాల్చేయండి. ఆ సాళ్ల నీరు పక్క సాళ్లకు పారనివ్వకండి.

ఇక షాపతని మాట. జన్యు సవరణ చేసిన ఆలుగడ్డ రకం మన దేశంలో రైతులకు ఇంతవరకు ఒక్కటీ విడుదల కాలేదు. 2025 మేలో కేంద్రం ప్రకటించిన రెండు జన్యు సవరణ రకాలూ వరివే. వాటిలో 'కమల' మన రాజేంద్రనగర్‌లో సాంబమసూరి నుంచి తయారైంది. ఆ వార్తను ఆయన ఆలుగడ్డకు అంటగట్టినట్టున్నాడు.

జన్యు సవరణ అంటే మొక్క సొంత జన్యువును కావలసిన చోట కత్తిరించి మార్చడం. పద్ధతి మంచిదే, నేను వద్దనను. ఆలుగడ్డలో ప్రతి జన్యువుకూ నాలుగు ప్రతులు. సంకరం చేస్తే అన్నీ కలగాపులగమై మీకు నచ్చిన పాత రకం మళ్లీ దొరకదు. సవరణతో ఒక్క గుణం మార్చి మిగతాదంతా అలాగే ఉంచొచ్చు. కాకపోతే చాలాసార్లు నాలుగు ప్రతుల్లోనూ మార్పు పడాలి. పైగా వరిలో సవరణకు వాడిన బయటి జన్యువును తర్వాతి తరంలో ఏరి తీసేస్తారు, గడ్డతో పెంచే పంటకు ఆ వీలు లేదు. అందుకే స్వీడన్ శాస్త్రవేత్తలు బయటి డీఎన్ఏ లేకుండా, జన్యువును కత్తిరించే ప్రొటీన్‌నే కణాల్లోకి పంపి గడ్డలో పిండిపదార్థాన్ని మార్చారు. కోల్డ్ స్టోరేజీలో తీపెక్కి చిప్స్ నల్లబడకుండా ఆ తీపిని పెంచే ఇన్వర్టేజ్ జన్యువును ఆపిన గడ్డలను అమెరికాలో తయారుచేశారు. అంతే తప్ప, ఏ తెగులూ రాని గడ్డ ఎక్కడా లేదు.

మీ చేనులోకి తెగులు విత్తనంతోనే వచ్చి ఉంటుంది. ఒక్క రోగపు గడ్డను కోసిన కత్తి బస్తా మొత్తానికీ అంటిస్తుంది. ఈ పంట గడ్డను విత్తనానికి దాచకండి. వచ్చే అక్టోబరులో 40–50 గ్రాముల గడ్డలను కోయకుండా నాటండి. తప్పక కోస్తే గడ్డ గడ్డకూ కత్తిని స్పిరిట్‌లో ముంచండి. ఈ చేనులో రెండు మూడేళ్లు జొన్న గానీ మొక్కజొన్న గానీ వేయండి. టమాట, వంగ, మిరప వద్దు, మీ వైపు ఎక్కువగా వేసే అల్లం కూడా వద్దు. ఆలుగడ్డ వేరే చేనులో వేసుకోండి, నాటేటప్పుడు సాళ్లలో ఎకరాకు 5 కిలోల బ్లీచింగ్ పౌడర్ చల్లండి.

విత్తనం నీలం ట్యాగు (ధ్రువీకరించిన విత్తనానికి గుర్తు) ఉన్నదే కొనండి. రకం పేరు, లాట్ నంబరు రాసిన బిల్లు అడగండి. షాపతను చెప్పే ఆ కొత్త విత్తనానికి కూడా అలాంటి బిల్లు అడిగి చూడండి. ఇస్తే ఫోటో తీసి మీ మండల వ్యవసాయాధికారికి పంపండి.